ఒత్తు లేని భద్రం

"మామయ్యా, కాస్త కాళ్ళు పైకెత్తండి."

ఎత్తాను. కోడలు నా కుర్చీ కింద చూసింది. అక్కడ నా చెప్పులు తప్ప ఏమీ లేవు. వాటినీ తిరగేసి చూసింది.

"అంత పెట్టె చెప్పు కింద దాక్కుంటుందా తల్లీ?"

"దాక్కోదు. కానీ ఏదో ఒకటి తిరగెయ్యకపోతే నాకు ఏడుపొచ్చేలా ఉంది," అంది.

పొద్దుటి నుంచీ ఇల్లు తలకిందులుగా ఉంది. ఈ అద్దె ఇంట్లోకి వచ్చిన వారంలో, ఎలాగోలా మూలమూలకూ సర్దిన సామానంతా మళ్ళీ నడింట్లోకి వచ్చి కూర్చుంది. బకెట్లలో పుస్తకాలు. దిండు గలీబుల్లో చలికోట్లు. ఇస్త్రీపెట్టె ఫ్రిజ్ నెత్తిన. గొడుగులు ఎక్కడ పెట్టాలో తోచక తలుపు వెనకాల నిలబెడితే, తలుపు వేసినప్పుడల్లా అవి దండం పెడుతున్నట్టు ముందుకు ఒరుగుతున్నాయి.

ఈ ఇంటికి అటక లేదు. గోడకు మేకు కొట్టడానికి వీల్లేదు. లోపలి గదిలో ఒక్క గోడ బీరువా ఉంది గానీ దానికి ఇంటావిడ తాళం. కింది వాటాలో ఉండే ఆవిడ, "అది మాత్రం నాదే, దాని జోలికి రాకండి," అని మొదటి రోజే చెప్పేసింది. గోడమీద చెయ్యి వేసినా "మేకు కాదు కదా?" అని కిందనుంచే అడుగుతుంది. మా అబ్బాయి ఆవిడకు మేకులమ్మ అని పేరు పెట్టాడు.

ఆ మేకులమ్మే ఇంకాసేపట్లో పైకి వస్తుంది. ఆవిడకు మా కోడలు ఇవ్వవలసింది ఒకటుంది. అది కనిపించడం లేదు.

మా కోడలు బొమ్మలు బాగుచేస్తుంది. చెయ్యి ఊడినవి, జుట్టు రాలినవి, నడుం విరిగినవి ఎక్కడెక్కడివో వచ్చి ఆమె ఒళ్ళో పడుకుంటాయి. ఈ ఇల్లు మాకు దొరికిందే ఆ పనివల్ల. ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు ఇంటావిడ ముఖం గంటుపెట్టుకుని, "ఏం పని చేస్తావమ్మాయ్?" అని అడిగింది. ఈమె చెప్పింది. ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, ఒక బొమ్మ తలను శాలువాలో చుట్టి తెచ్చి ఈమె చేతుల్లో పెట్టింది. ఇంటి తాళంచెవి ఆ తర్వాత ఇచ్చింది.

పాతకాలం బొమ్మ. నిలబెడితే కళ్ళు తెరుస్తుంది, పడుకోబెడితే మూస్తుంది. ఎప్పుడో కళ్ళు బిగుసుకుపోయాయి. అప్పటినుంచి తెరవలేదు. మా కోడలు పాత ఇంట్లోనే ఆ గాజు కళ్ళు ఊడదీసి, శుభ్రం చేసి, దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టి, ఆ అగ్గిపెట్టెను తన పనిపెట్టెలో పెట్టుకుంది. తలను మాత్రం తువ్వాల్లో చుట్టి ప్రెషర్ కుక్కర్‌లో దాచింది. కుక్కర్‌ను ఎవరూ విసరరని ఆమె లెక్క. తల క్షేమంగా వచ్చింది. పనిపెట్టె రాలేదు.

రేపు ఉదయం ఇంటావిడ అక్కగారు వస్తోంది. ఆ బొమ్మ అక్కచెల్లెళ్ళిద్దరిదీ. "కళ్ళు పాడుచేసింది నేనేనని మా అక్క ఈనాటికీ దెప్పుతుంది. అది గడప దాటి వచ్చేసరికి బొమ్మ కళ్ళు తెరిచి దాన్నే చూడాలి," అంది ఆవిడ. అప్పుడు మేకులమ్మ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. నేను చూశాను.

"ఆ కొలత కళ్ళు ఇప్పుడెవరూ చెయ్యరు మామయ్యా. పోతే పోయినట్టే," అంది కోడలు, నడుం మీద చెయ్యి వేసుకుని. "మీ గదిలో ఒకసారి చూడనా?"

"నాన్న గదిలో ఎందుకుంటుంది? అక్కడేం ఉండదు," అన్నాడు మా అబ్బాయి స్టూలు మీదనుంచి.

వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. వంటింటి అరల పైభాగం చూడ్డం వాడికిది నాలుగోసారో ఐదోసారో. నాకు మావాడి సంగతి తెలుసు. ఏదైనా తప్పు చేస్తే అడక్కుండానే ఇంటిపని చేస్తాడు. ఈ వారమంతా మంచినీళ్ళు వాడే పట్టాడు. గిన్నెలు వాడే తుడిచాడు. నేను ఏమీ అడగలేదు. కొన్ని తప్పులు పండేదాకా చెట్టుమీద ఉండనివ్వాలి.

"అసలు పెట్టె ఎలా ఉంటుందో ఇంకోసారి చెప్పు," అన్నాడు వాడు.

"అట్టపెట్టె."

"మనింట్లో అన్నీ అట్టపెట్టెలే కదే!"

"పైన రాశాను."

"ఏమని? బొమ్మలనా?"

"బొమ్మలని రాస్తే సామాను మోసేవాళ్ళు ఆటవస్తువులేగా అని విసిరేస్తారు. అందుకని పెద్దక్షరాలతో 'భద్రం' అని రాశాను."

మా అబ్బాయి ఒక కాలు స్టూలు మీద, ఒక కాలు గాల్లో పెట్టుకుని, కరెంటు పోయిన లిఫ్టులా మధ్యలో ఆగిపోయాడు.

నేనూ కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

"ఏమైంది? ఇద్దరూ అలా చూసుకుంటారేం?" అంది కోడలు.

ఏమైందో ఆమెకు చెప్పాలంటే మా ఆవిడ దగ్గర మొదలుపెట్టాలి.

లోకంలో 'భద్రం' అన్న మాటకు ఒక అర్థం ఉంది. మా ఇంట్లో వేరే అర్థం ఉంది. మా ఆవిడ ఏ వస్తువైనా నిర్లక్ష్యంగా పడేస్తే వెంటనే దొరికేది. జాగ్రత్త చేస్తేనే చిక్కు. "కత్తెర ఏదోయ్?" అంటే, "భద్రంగా పెట్టానండీ," అనేది. అంటే ఇక దొరకదని. పోనుపోను ఆ మాటకు 'గా' ఊడిపోయి అదొక చోటైంది. "నా బెల్టేదమ్మా?" అని మావాడు అరిస్తే, "భద్రంలోకి వెళ్ళుంటుంది," అనేవాణ్ణి నేను. ఆశ వదులుకోమని దానర్థం.

చివరికి ఆమే ఒక అట్టపెట్టె తెచ్చి దానికా పేరు రాసింది. ఏ తాళానిదో తెలియని చెవులు, జత పోయిన గుండీలు, సైకిలు గంట మూత, గొడుగు పిడి, పనికిరానివీ పారేయబుద్ధి కానివీ అన్నీ అందులోకే. 'బద్రం' అని రాసింది, 'భ'కు ఒత్తు లేకుండా. "ఒత్తు మరిచిపోయావు," అన్నాను. "పెట్టె ఇప్పటికే మొయ్యలేకుండా ఉంది, మళ్ళీ ఒత్తొకటా!" అంది.

ఆమె పోయాక ఆ పెట్టెను ఎవరమూ విప్పలేదు. ఏ ఇల్లు మారినా అది అటక మీదికి ఎక్కేది. ఈ ఇంటికి అటక లేదు కనక, సామాను దించిన రోజు 'భద్రం' అన్న పెట్టె గుమ్మంలోకి రాగానే, "అది నా మంచం కింద పెట్టండి బాబూ," అన్నాను.

ఇదంతా విని కోడలు నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"మూడేళ్ళయింది నేను మీ ఇంటి కోడలినై. ఒక్కరైనా చెప్పలేదే! అత్తయ్య పెట్టె అన్నారు కానీ, దానికి పేరుందని నాకేం తెలుసు?"

"అదికాదు..." అన్నాడు మా అబ్బాయి. స్టూలు దిగాడు. దానిమీదే కూర్చున్నాడు. "నీ పెట్టె ఎక్కడుందో నాకు తెలుసనుకుంటా."

"ఎక్కడ?"

"పాత ఇంట్లో. అటక మీద. నేనే వదిలేసి వచ్చాను."

కోపం వస్తే మా కోడలికి మర్యాద పెరుగుతుంది.

"తమరు వదిలేశారా?" అంది.

"నీదని తెలీదు. ఆఖరి విడత, చీకటిపడింది. అట్ట మీద భద్రం అని ఉంది. అమ్మదనుకున్నాను."

ఆ మాట అనేసి వాడు తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు. అప్పుడు గాని వాడన్నదేమిటో మా ఇద్దరికీ సరిగ్గా వినపడలేదు.

"ఏమన్నారు?" అంది కోడలు. ఈసారి ఆమె గొంతులో మర్యాద కూడా లేదు. "అత్తయ్యదని తెలిసి వదిలేశారా?"

వాడు నాకేసి చూడలేదు. నేలకేసి చెప్పాడు. "మూడు ఇళ్ళు మోశాం. ఎక్కడా విప్పలేదు. ఈ ఇంట్లో చోటు లేదు. వస్తే నాన్న మంచం కిందకే రావాలి. రాత్రుళ్ళు నాన్న అటకేసి చూస్తూ పడుకోవడం నేను చూశాను. ఇప్పుడది వీపు కింద ఉంటే ఇంకేం నిద్రపోతాడు అనిపించింది. అడిగితే వద్దంటాడు. అందుకని అడగలేదు."

"ఆ మాట చెప్పడానికి నోరెలా వచ్చింది మీకు?"

"రాలేదనేగా చెబుతున్నాను! వారం నుంచీ రావట్లేదు!"

నాకు ముందు కోపం రావాలి. రాలేదు. సిగ్గుపడాల్సిన సంగతే గాని చెబుతాను, నాకు ముందు కలిగింది నిశ్చింత. "మీ అమ్మ పెట్టె నా మంచం కిందే ఉందిరా," అన్నాను. "నేనే పెట్టించాను."

మావాడు తలెత్తాడు. వాడి ముఖంలోకి వారం తర్వాత రక్తం వచ్చింది. మరుక్షణం పెళ్ళాం ముఖం చూసి మళ్ళీ పోయింది.

"అయితే నేను వదిలింది నూటికి నూరుపాళ్ళూ నీదే," అన్నాడు.

పాత ఇంటి కింద వాటా ఆయనకు ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

కోడలు నడింట్లో బకెట్ల మధ్య కూలబడి, కుక్కర్‌లోంచి బొమ్మ తల తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళుండే చోట రెండు చీకటి గుంటలు. వాటిని కొంగుతో మెల్లగా తుడిచింది. తుడవడానికి అక్కడేం లేదు.

"ఉన్నమాట చెప్పేస్తాను ఆవిడకి," అంది. "ఖాళీ చెయ్యమంటే చేద్దాం."

"మేకు కొట్టనివ్వని మనిషి, కళ్ళు పోగొడితే ఊరుకుంటుందా!" అన్నాడు మావాడు.

"తమరు మాట్లాడకండి."

"సరే."

"సరే అని కూడా అనకండి."

ఆ పిల్ల అలా కూర్చుంటే నాకు చేతులు ఊరుకోలేదు. నా పెట్టె దక్కి, ఆమె పెట్టె పోవడం మనసుకు పట్టలేదు. మా ఆవిడ పెట్టెలో లేని వస్తువు ఉండదు. పాత గాజు గుండీలు ఉంటాయి, గోలీలు ఉంటాయి. వాటిలో ఏవో రెండు కళ్ళకింద పనికిరావా?

"చూద్దామా?" అన్నాను.

"గుండీలతో కళ్ళా మామయ్యా?"

"గుడ్డికన్నా మెల్ల నయం కదమ్మా."

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు ఆగింది. "అది విప్పుతారా మీరు?" అని నెమ్మదిగా అడిగింది.

నా గదిలోకి నడిచాను. ఆలోచిస్తే కాళ్ళు ఆగిపోతాయి. దుప్పటి అంచు పైకెత్తి, వంగి, పెట్టెను ఇవతలికి లాగాను. తేలిగ్గానే వచ్చింది. నేను ముసలివాణ్ణవుతుంటే పెట్టె తేలికవుతోందేమిటి అనుకున్నాను.

కిటికీ వెలుతురు పెట్టె మీద పడింది. 'భద్రం.'

గుండ్రటి, పొందికైన అక్షరాలు. 'భ' కింద ఒత్తు, బొట్టు పెట్టినట్టు తీర్చి ఉంది.

తాడు ముడి విప్పింది నా చేతులే గాని, నాకు గుర్తు లేదు. మూత తీశాను.

పెట్టె నిండా కళ్ళు. నీలివి, గోధుమవి, పిల్లికళ్ళు, ఒంటికళ్ళు. అన్నీ రెప్ప వెయ్యకుండా నాకేసే చూస్తున్నాయి. పక్కన చిన్నచిన్న చేతులు, ఎవరో పిలిస్తే వచ్చినట్టు పైకి చాచి ఉన్నాయి.

"అమ్మాయ్," అన్నాను. "నీ పెట్టె దొరికింది."

ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. కోడలు నేలమీద కూర్చుని, ఆ కళ్ళూ కాళ్ళూ పక్కకు తోసి, అగ్గిపెట్టె తీసి, దూది విప్పి చూసింది. రెండు గాజు కళ్ళు, వాటిని కలిపే సన్నటి తీగ, తీగకు వేలాడే సీసపు గుండు, అన్నీ ఉన్నాయి. ఆమె వాటిని గుప్పిట్లో మూసి గుండెకు ఆనించుకుంది. ఆ తర్వాత తలెత్తి నన్ను చూసింది. నన్ను చూశాక ఆమె సంతోషం ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

మావాడు నా మంచం మీద కూర్చున్నాడు. "అంటే నేను వదిలింది అమ్మదే," అన్నాడు. ఎవరితోనూ కాదు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన పని," అన్నాను తేలిగ్గా. "వారం రోజులు హాయిగా నిద్రపోయానురా. బొమ్మల కళ్ళమీదన్నమాట."

"నాన్నా..."

"పోనీలే. పెట్టె లేకపోయినా నిద్ర పట్టిందిగా. ఇంటికి తగ్గట్టు సర్దుకుపోవాలి."

"సర్దడం వేరు, సర్దుకుపోవడం వేరు మామయ్యా," అంది కోడలు. లేచి నిలబడింది. "ఇల్లు ఎలా సర్దాలో నాకు వదిలెయ్యండి. మీరు సర్దుకుపోవడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఏమండీ, స్కూటరు తాళాలు తీయండి."

"మేకులమ్మ వస్తుందే..."

"నేను వచ్చి చాలాసేపయింది నాయనా," అంది గుమ్మంలోంచి ఇంటావిడ.

మావాడు నాలిక కరుచుకున్నాడు. కోడలే గబగబా ఎదురెళ్ళింది. "అమ్మగారూ, మీ కళ్ళు దొరికాయండీ!"

"నా కళ్ళకేమొచ్చింది? ఈ కళ్ళజోడుతో అన్నీ కనిపిస్తున్నాయి, ఈ సంతతో సహా," అంది ఆవిడ బకెట్లను దాటుకుంటూ. కోడలి గుప్పిట్లోకి తొంగిచూసి మాత్రం, ఆ కళ్ళను మెల్లగా తన చేతిలోకి తీసుకుంది.

అప్పుడే ఫోను మోగింది. పాత ఇంటి కింద వాటా ఆయన. మావాడు స్పీకరు పెట్టాడు.

"అటక మీదా? రంగులవాళ్ళు పొద్దున్నే ఖాళీ చేశారుగా! చెత్తా చెదారం, పాత పెట్టెలు, అన్నీ గేటు పక్కన పడేశారు. పాతసామాను బండివాడు వస్తానన్నాడు. వచ్చాడో లేదో మరి, నేను నిద్రపోయాను."

గదిలో ఎవరమూ కదల్లేదు. కోడలి చేతిలో బొమ్మ తల, ఇంటావిడ చేతిలో కళ్ళు. నాకు ఆ క్షణంలో సైకిలు గంట మూత గుర్తొచ్చింది. దాన్ని ఎందుకు దాచిందో నేనెప్పుడూ అడగలేదు.

"ఇప్పుడు అతికిస్తే ప్లాస్టరు పొద్దుటికి గట్టిపడుతుంది," అంది కోడలు, ఇంటావిడకేసి చూస్తూ. ఆమె గొంతు రెండువైపులా లాగుతోంది. "ఇప్పుడే కూర్చోవాలి. కానీ..."

"వెళ్ళు," అంది ఇంటావిడ.

"అమ్మగారూ?"

"వెళ్ళమ్మా. నా బొమ్మ ఇన్నేళ్ళు కళ్ళు మూసుకునే ఉంది. ఇంకో గంట మూసుకుంటే కొంప మునగదు. వచ్చాక అతికిద్దువుగాని. పొద్దుటికి ఆరకపోతే మా అక్కను గుమ్మంలోనే మాటల్లో పెడతాను. అది మాట్లాడ్డం మొదలెడితే సున్నం కూడా ఆరుతుంది."

మావాడు చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేసుకుని దిగాడు. కోడలు వాడి వెనకాల దిగింది. సగం మెట్లలో ఆమె గొంతు వినిపించింది. "చెప్పులు మార్చుకోండి, పడిపోతారు." 'తమరు' అని మాత్రం అనలేదు. అంతవరకు మేలు.

ఇంటావిడా నేనూ మిగిలాం.

ఆవిడ కూర్చోలేదు. మెడలో గొలుసుకున్న తాళంచెవి పట్టుకుని, లోపలి గదిలోకి వెళ్ళి, ఇన్నాళ్ళూ మేము సామాను పట్టక దాని ముందునుంచే తిట్టుకుంటూ తిరిగిన గోడ బీరువా తెరిచింది. నేను గుమ్మంలో ఆగాను.

అరలన్నీ ఖాళీ. మధ్య అరలో మాత్రం శాలువా పరిచి ఉంది. దానిమీద తల లేని బొమ్మ ఒళ్ళు, చేతులు పొట్టమీద పెట్టుకుని పడుకుని ఉంది.

"ఇంత బీరువాలో ఇదొక్కటేనా అమ్మగారూ?"

"ఇంకో వస్తువు పెడితే దీని పక్కన పెట్టాల్సొస్తుంది కదా అన్నయ్యగారూ," అంది ఆవిడ. ఆ మాట నాకు బాగా అర్థమైంది. నాకు అర్థమైందని ఆవిడకూ అర్థమైంది.

బొమ్మను శాలువాతో సహా తీసి చంటిపిల్లలా భుజానికి ఆనించుకుంది. "ఏముంటాయి మీ ఆవిడ పెట్టెలో?" అని అడిగింది.

"తెలిసినవి తక్కువ. ఏ వస్తువు కనిపించకపోయినా అందులో ఉందనుకోవడం మాకు అలవాటు. విప్పనంతకాలం పోయినవన్నీ అందులో ఉన్నట్టే."

"విప్పితే?"

"విప్పితే, లేనివేమిటో తెలుస్తాయి."

ఆవిడ తల ఊపింది. బీరువా తాళంచెవి గొలుసులోంచి ఊడదీసి, ఖాళీ అయిన మధ్య అరలో పెట్టింది. "ఇక ఇది కిందికి వచ్చేస్తుంది. కళ్ళు తెరిచాక దానికి చీకట్లో ఏం పని? ఆవిడ పెట్టె వస్తే ఇక్కడ పెట్టుకోండి. మేకు మాత్రం కొట్టకండి."

ఇద్దరం చెరో కుర్చీలో కూర్చున్నాం. తలుపు వెనకాల గొడుగులు ఒకసారి ఒరిగి, ఆగాయి. కిటికీలో వెలుతురు బకెట్ల మీదనుంచి నేలమీదికి, నేలమీదనుంచి కోడలి పెట్టె మీదికి జరిగింది. 'భ' కింద ఒత్తు మెరిసింది.

వీధిలో స్కూటరు ఆగింది. మా అబ్బాయి స్కూటరే. ఆ దగ్గు నాకు తెలుసు.

మాటలు వినిపించలేదు. మెట్ల మీద అడుగులు మాత్రం వినిపించాయి. ఒక్కొక్క మెట్టూ నెమ్మదిగా, ఆగి ఆగి.

బరువు మోసుకొచ్చేవాళ్ళు అలాగే ఎక్కుతారు. చెప్పలేని మాట మోసుకొచ్చేవాళ్ళూ అలాగే ఎక్కుతారు.

ఇంటావిడ నాకేసి చూసింది. బొమ్మను భుజం మార్చుకుని, లేచి వెళ్ళి, బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి పట్టుకుంది.